పరాస్కా చెప్పిన జనవరి

నా ముందు మూడు సూచనలున్నాయి.
రాజధాని నుంచి వచ్చిన కాగితం:
వారమంతా నులివెచ్చన, చూరుల మంచు కరిగి కారుతుంది.
సరిహద్దు అవతలి వాళ్ళది:
ఉత్తరం నుంచి ఒక గాలి బయల్దేరవచ్చు,
బయల్దేరకపోనూవచ్చు.
మూడోది కాగితమే కాదు,
పిండి సంచి చించిన ముక్క.
పెన్సిలుతో గీసిన పొడుగాటి నాలుకలాంటి బొమ్మ,
నడుమ ఒక బుడిపె,
బుడిపె పక్కన ఒకే మాట: ‘ఇక్కడ.’

పరాస్కా హ్రిట్సాక్ పంపింది.
ఎనభై మూడేళ్ళ మనిషి.
ఏటా నవంబరులో పందిని కోసినప్పుడు
దాని బల్లని వంటింటి బల్ల మీద పరిచి
బొటనవేలితో నెలలు కొలుస్తుంది.
తలవైపు నవంబరు, తోకవైపు ఏప్రిల్.
పలచబడిన చోట మెతక రోజులు,
ఉబ్బిన చోట చలి.

మా రేడియో స్టేషనంటే
ఇనప సామాన్ల కొట్టు మీద ఒక గది.
సస్కాచెవాన్ పటంలో మా ఊరి పేరు
మడతలో పడి చెరిగిపోయింది.
ఆరూ పదికి నేను మూడూ చదువుతాను.
సోమవారం చదవగానే లీలండ్ ఫేర్ ఫోన్ చేశాడు:
‘అది వాతావరణమా, మాంసం కొట్టు చిట్టీనా?’
అతని ఆవులు రెండొందలు
ఏటి అవతలి బయల్లో ఉన్నాయి.

మంగళవారం సున్నాకి నాలుగు పైన.
పిల్లలు చేతితొడుగులు కంచెకి తగిలించి పోయారు.
పోస్టాఫీసు ముందు ఎవరో ఐస్‌క్రీమ్ తింటున్నారు.
ఆ పూట నేను
రెండు సూచనలే చదివాను.

మధ్యాహ్నం వెళ్ళాను, సిగ్గేసి.
పరాస్కా కట్టెలు పేరుస్తోంది,
చెవుల మీదుగా రుమాలు బిగించి,
ఆ ఎండలో.
‘బల్లలో మీకేం కనిపిస్తుంది?’ అన్నాను.
‘బల్ల కనిపిస్తుంది’ అంది.
తర్వాత కొంతసేపు కట్టెల చప్పుడే.
‘ప్రతి ఏడూ చలి అనే చెప్తాను.
నలభై రెండేళ్ళలో పదకొండు సార్లు వచ్చింది.
ముసలిదాన్ని నేను చెప్తే ఎవరు వింటారు,
అందుకని పంది మీద పెడతాను.
రాకపోతే నవ్వుతారు.
కట్టెలేం కుళ్ళిపోవు కదా.
ఇదుగో, ఇంకొంచెం ఎడంగా పెట్టు, గాలాడాలి.’

బుధవారం ఆరూ పదికి
అంతా తెలిసి,
గొంతు ఎక్కడా తొణక్కుండా,
మూడో సూచన మొదట చదివాను.
ఎవరూ ఫోన్ చేయలేదు.
నవ్వడానికి కూడా.

సాయంత్రం ఇంటికి పోతుంటే చూశాను:
ట్రక్కుల ముక్కుల్లోంచి కరెంటు తీగలు వేలాడుతున్నాయి,
వీధి పొడవునా, ప్రతి గోడకీ.
ఏటి వంతెన మీద పేడ, వెచ్చగా ఇంకా.
దొంగతనం చేస్తున్నవాడిలా
లీలండ్ చీకట్లో ఆవుల్ని ఇవతలికి తోలుకొస్తున్నాడు.
నన్ను చూసి టోపీ కిందికి లాక్కున్నాడు.

గురువారం రాత్రి రెండింటికి
మా గోడలో మేకు తుపాకీలా పేలింది.
అది చలి తలుపు తట్టే తీరు.
పొద్దున తలుపు పిడి తొడుగులోంచి కూడా కరిచింది.
ఊపిరి బయటికొచ్చి
కనురెప్పల మీదే కూర్చుంది.
మెట్లెక్కి స్టేషను తెరిచాను.
రాజధాని కాగితం అప్పుడే సవరించుకుని వచ్చింది.
చదివాను: సున్నాకి నలభై కింద.

పాటకి ముందే ఫోన్ మోగింది.
పరాస్కా.
పాత కొలతలో పెరిగిన మనిషి,
కొత్త డిగ్రీల్ని ఇంకా నమ్మదు.
‘నలభై అన్నావు, ఏ లెక్కలో?
మాదా, మీదా?’

రెండు కొలబద్దలూ రాజీపడే చోటు
అదొక్కటే.

‘ఏ లెక్కలోనైనా’ అన్నాను.

‘ఊఁ’ అంది.
పొయ్యి తలుపు తెరిచిన చప్పుడు,
ఒక కట్టె,
ఇంకో కట్టె.
‘వచ్చే ఏడాది పందికి చెప్తాను.’